క్రైస్తవ పరిచర్యలో పిల్లల రక్షణ: సంఘ పెద్దలు, సండే స్కూలు ఉపాధ్యాయులు తెలుసుకోవలసిన చట్టం

వేసవి సెలవులు ప్రారంభం కాగానే ఉభయ తెలుగు రాష్ట్రాల్లోని చర్చి ఆవరణలు పిల్లల పాటలతో సందడిగా మారతాయి. వెకేషన్ బైబిల్ స్కూల్ పేరిట జరిగే తరగతులకు క్రైస్తవ కుటుంబాల పిల్లలే గాక ఇరుగుపొరుగు పిల్లలు కూడా హాజరవుతుంటారు. ఇవిగాక ప్రతి ఆదివారం సండే స్కూలు, సాయంత్రాల్లో యౌవనుల కూడికలు, డిసెంబరులో క్రిస్మస్ నాటికల సాధన, ఇంటింటికీ తిరిగే కేరల్స్ బృందాలు, తెల్లవార్లూ సాగే జాగరణ ప్రార్థనలు ఉంటాయి. మిషన్ పాఠశాలలు, వాటికి అనుబంధంగా నడిచే హాస్టళ్లు, అనాథ బాలల గృహాలు సరేసరి. మెదక్, దోర్నకల్, గుంటూరు, నెల్లూరు వంటి ప్రాంతాల్లో విద్యకు, వైద్యానికి మిషనరీ సంస్థలు తరతరాలుగా అందించిన సేవ విదితమే. పిల్లవాడు ఎక్కడున్నాడని అడిగితే ‘పాస్టరుగారి దగ్గర ఉన్నాడు’, ‘సిస్టరమ్మ చూసుకుంటున్నారు’ అని తల్లిదండ్రులు నిశ్చింతగా చెప్పగలగడానికి ఆ సేవా చరిత్రే కారణం.

అయితే పిల్లలపై లైంగిక నేరాలకు పాల్పడేవారికి కావలసినది కూడా అటువంటి నిశ్చింతే. కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో వెలువరించిన అధ్యయనం ఈ విషయాన్ని తేటతెల్లం చేసింది. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను ప్రశ్నించగా, వారిలో 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపులకు గురైనట్లు తెలిపారు. వేధించినవారిలో సగం మంది పిల్లలకు పరిచయస్తులు, లేదా వారి బాగోగులు చూడవలసిన స్థానంలో ఉన్నవారు. బాధితుల్లో బాలికలకంటే బాలుర సంఖ్యే కొంత ఎక్కువగా ఉండడం నాడు చాలామందిని ఆశ్చర్యపరచింది. లైంగిక వేధింపుల శాతం అధికంగా నమోదైన రాష్ట్రాల్లో అస్సాం, బీహార్, ఢిల్లీలతో పాటు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఈ సమస్య ఏ ఒక్క మతానికో, సంస్థకో పరిమితమైనది కాదు. బడి, బంధువుల ఇల్లు, ఆటల శిక్షణ శిబిరం, ఆశ్రమం, మదరసా, చర్చి... పెద్దల చేతికి పిల్లలను ఒంటరిగా అప్పగించే ప్రతి చోటా ఈ ప్రమాదం పొంచి ఉంటుంది. చర్చి విషయంలో ప్రత్యేకించి గమనించవలసింది, ఫిర్యాదు వచ్చిన తరువాత ఏం జరుగుతుందన్నదే.

‘మనలో మనం పరిష్కరించుకుందాం’

విదేశాల్లో జరిగిన విచారణలు ఈ ప్రశ్నకు కొంతవరకు సమాధానమిచ్చాయి. ఆస్ట్రేలియా ప్రభుత్వం నియమించిన రాయల్ కమిషన్ 2013 నుంచి 2017 వరకు సుమారు ఎనిమిది వేల మంది బాధితుల గోడును ఏకాంతంగా ఆలకించింది. వారిలో సగానికి పైగా తమకు అన్యాయం జరిగింది మతసంస్థలు నడిపే చోట్లనేనని చెప్పారు. తమకు జరిగినదాన్ని మొదటిసారి బయటపెట్టడానికి వారికి పట్టిన కాలం సగటున 23.9 సంవత్సరాలు. ఇంగ్లండులో ప్రభుత్వ విచారణ సంఘం 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం 1940వ దశకం నుంచి 2018 వరకు ఆంగ్లికన్ సంఘానికి చెందిన మతాచార్యులు, బాధ్యత గల స్థానాల్లో ఉన్నవారు కలిపి 390 మందికి లైంగిక నేరాల్లో శిక్షలు పడ్డాయి. చాలా సందర్భాల్లో సంఘ నాయకత్వం తన పరువు గురించి ఆలోచించినంతగా పిల్లల గురించి ఆలోచించలేదన్నది ఈ నివేదికల్లో పదేపదే కనిపించే అంశం.

అమెరికాలోని సదరన్ బాప్టిస్టు సంఘాల ఉదంతం తెలుగు పాఠకులు మరింత శ్రద్ధగా పరిశీలించదగినది. అక్కడ ప్రతి స్థానిక సంఘం స్వతంత్రమైనది. పైనుంచి ఆదేశించే బిషప్ ఉండరు. ఈ కారణం చూపి కేంద్ర నాయకత్వం చాలా ఏళ్లపాటు ఫిర్యాదులను పట్టించుకోలేదు. కానీ ఆరోపణలు ఎదుర్కొన్న 700 మందికి పైగా వ్యక్తుల పేర్లతో ఆ కార్యాలయంలోనే ఒక జాబితా రహస్యంగా తయారై ఉన్నట్లు 2022 మే నెలలో వెల్లడైంది. ఒక ఊరి సంఘం సాగనంపిన వ్యక్తిని మరో ఊరి సంఘం, అతని గతం తెలియక, ఆదరించి పిల్లలను అప్పగించే వీలు అటువంటి వ్యవస్థలో ఉంటుంది. మన పట్టణాల్లో, పల్లెల్లో వెలసిన స్వతంత్ర ప్రార్థనా మందిరాల సంఖ్య తక్కువేమీ కాదు. వాటిలో అనేకం ఒక కాపరి, ఆయన కుటుంబం ఆధారంగా నడిచేవే. కాపరిపైనే ఫిర్యాదు వస్తే సంఘంలో ఎవరికి చెప్పుకోవాలన్న ప్రశ్నకు అక్కడ సమాధానం లేదు.

ఇటువంటి విషయం బయటపడగానే సంఘ పెద్దలు సమావేశమై, ఇరుపక్షాలను పిలిచి, నిందితుని చేత క్షమాపణ చెప్పించి, ప్రార్థన చేసి, వీలైతే అతడిని వేరే ఊరికి పంపించి విషయం ముగిసిందని భావించడం ఒక అలవాటుగా వస్తున్నది. సహోదరుని తప్పును మొదట ఏకాంతంగా, ఆపైన సాక్షులతో, చివరగా సంఘం ఎదుట చెప్పాలన్న మత్తయి సువార్త 18వ అధ్యాయపు బోధను కొందరు ఇందుకు ఆధారంగా చూపుతారు. గ్రంథ వ్యాఖ్యానం ప్రభుత్వ పని కాదు. అయితే అదే అధ్యాయం చిన్నపిల్లలకు కీడు కలిగించేవారి గురించిన తీవ్రమైన హెచ్చరికతో మొదలవుతుందని వేదపండితులే గుర్తుచేస్తుంటారు. ఇద్దరు పెద్దల మధ్య వచ్చిన పొరపొచ్చాలకు చెప్పిన మార్గాన్ని, ఒక పెద్దవాడు పసిబిడ్డపై చేసిన నేరానికి అన్వయించడం సరికాదన్నది స్పష్టమే. చట్టం దృష్టిలో మాత్రం ఇందులో సందేహానికి తావే లేదు. పిల్లలపై జరిగిన లైంగిక నేరాన్ని సంఘంలో రాజీ చేయడం పరిష్కారం కాదు. పోలీసులకు తెలియజేయకుండా ఆ పని చేస్తే అది మరో నేరం.

చట్టం ఏం చెబుతున్నది?

లైంగిక నేరాల నుంచి బాలల రక్షణ చట్టం, అంటే పోక్సో చట్టం, 2012 నవంబరు 14న అమలులోకి వచ్చింది. 18 ఏళ్లలోపు వారందరూ, బాలురైనా బాలికలైనా, ఈ చట్టం పరిధిలోకి వస్తారు. శారీరక నేరాలే గాక అసభ్యకరమైన మాటలు, సైగలు, అశ్లీల చిత్రాలు చూపడం, దురుద్దేశంతో వెంటపడడం, ఫోన్‌లో సందేశాలు పంపడం కూడా ఇందులో శిక్షార్హమే. శరీరం శరీరానికి నేరుగా తగిలితేనే నేరమన్న వాదనను సుప్రీంకోర్టు 2021 నవంబరులో తోసిపుచ్చింది.

ఈ చట్టంలోని 5వ, 9వ సెక్షన్లు విద్యాసంస్థల సరసన మతసంస్థలను పేరు పెట్టి ప్రస్తావించాయి. మతసంస్థ యాజమాన్యంలో గాని సిబ్బందిలో గాని ఉన్న వ్యక్తి ఆ సంస్థలోని బిడ్డపై నేరానికి పాల్పడితే దానిని తీవ్రతరమైన నేరంగా పరిగణిస్తారు. 2019లో జరిగిన సవరణ ప్రకారం, తీవ్రతరమైన అత్యాచార నేరానికి కనీస శిక్ష 20 ఏళ్ల కఠిన కారాగారం. అది జీవితాంతపు ఖైదుగా గాని మరణశిక్షగా గాని మారవచ్చు. అత్యాచారం కాని లైంగిక దాడికి సైతం ఇటువంటి వ్యక్తులకు అయిదేళ్లకు తగ్గని శిక్ష ఉంటుంది. నమ్మకాన్ని వంచించినవాడికి ఇతరులకంటే ఎక్కువ శిక్ష పడాలన్నదే శాసనకర్తల ఉద్దేశం.

సంఘ పెద్దలు, ఉపాధ్యాయులు తప్పక తెలుసుకోవలసినవి 19, 21 సెక్షన్లు. నేరం జరిగిందని తెలిసిన ప్రతి వ్యక్తీ, జరిగే అవకాశం ఉందని అనుమానం కలిగిన ప్రతి వ్యక్తీ స్థానిక పోలీసులకు గాని ప్రత్యేక బాలల పోలీసు విభాగానికి గాని తెలియజేయాలి. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. సంస్థకు అధిపతిగా ఉన్నవారు తమ అధీనంలోని వ్యక్తి చేసిన నేరాన్ని దాచిపెడితే శిక్ష ఏడాది వరకు పెరుగుతుంది, జరిమానా అదనం. బిడ్డకు మాత్రం ఈ శిక్ష వర్తించదు. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో ఒక పాఠశాల హాస్టల్‌కు చెందిన గిరిజన బాలికల కేసులో, విషయం తెలిసీ పోలీసులకు చెప్పలేదన్న ఆరోపణ ఎదుర్కొన్న వైద్యునిపై కేసును హైకోర్టు కొట్టివేయగా, 2022 నవంబరులో సుప్రీంకోర్టు ఆ కేసును పునరుద్ధరించింది. తెలిసీ చెప్పకపోవడం తీవ్రమైన నేరమని ఆ తీర్పులో పేర్కొన్నది.

మతాచార్యులకు 19వ సెక్షన్‌లో ఎటువంటి మినహాయింపూ లేదు. కథోలిక సంఘంలో పాపసంకీర్తన రహస్యం గురించి ఇక్కడ ప్రశ్న తలెత్తడం సహజం. ఆ రహస్యం చర్చి ధర్మశాస్త్రానికి సంబంధించినది. పోక్సో చట్టంలో దానికి ప్రత్యేక ప్రస్తావన లేదు. ఇక సంకీర్తన వెలుపల తెలిసిన విషయాల గురించి కథోలిక సంఘ నిబంధనలే మారాయి. పోప్ ఫ్రాన్సిస్ 2019లో జారీచేసి, 2023లో స్థిరపరచిన శాసనం ప్రకారం ఫాదర్లు, సిస్టర్లు ఇటువంటి ఫిర్యాదులను సంఘ అధికారులకు తప్పనిసరిగా నివేదించాలి. స్థానిక పౌర చట్టాల ప్రకారం చేయవలసినవి ఎలాగూ చేయాలి. 2019 డిసెంబరులోనే ఈ కేసులకు సంబంధించిన పొంటిఫికల్ రహస్య నిబంధనను ఆయన తొలగించారు.

మొదట విన్నవారు ఏం చేయాలి?

సండే స్కూలు ముగిసిన తరువాత పదేళ్ల బాలిక ఒకతె టీచరు వద్దకు వచ్చి, ‘ఆంటీ, నేను ఇక కీబోర్డు నేర్చుకోవడానికి రాను’ అన్నదనుకుందాం. ఎందుకని అడిగితే కొంతసేపు తల దించుకుని, కీబోర్డు నేర్పే అన్నయ్య తలుపు వేసి ఏం చేశాడో నాలుగు ముక్కల్లో చెప్పింది. ఆ ‘అన్నయ్య’ పదేళ్లుగా ఆరాధనల్లో సంగీతం వాయిస్తున్నవాడు, కాపరికి దగ్గరి బంధువు, టీచరు పెళ్లిలో పాట పాడినవాడు. టీచరు కాళ్లకింద నేల కదిలినట్లవుతుంది. పొరపాటు పడిందేమో, టీవీలో ఏదైనా చూసిందేమో అన్న ఆలోచన ఆమెకు రాకమానదు. ఆ నిమిషంలో ఆమె ముఖంలో కనిపించే భావాన్ని బట్టే ఆ పాప మరోసారి నోరు విప్పాలా వద్దా అని నిర్ణయించుకుంటుంది.

ఆమె చేయవలసినవి కొద్ది పనులే. తొందరపడకుండా వినాలి. ‘నాకు చెప్పి మంచి పని చేశావు, ఇందులో నీ తప్పు ఏమీ లేదు’ అని చెప్పాలి. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకూడదు, ఎందుకంటే ఆ మాట నిలబెట్టుకోవడం వీలుకాదు. నీకు సహాయం చేయగలవారికి మాత్రమే చెబుతానని అనడం నిజాయితీ. వివరాల కోసం గుచ్చిగుచ్చి ప్రశ్నించకూడదు. ‘ఇలా చేశాడా, అలా చేశాడా’ అంటూ సమాధానాన్ని అందించే ప్రశ్నలు తరువాత న్యాయస్థానంలో బిడ్డ సాక్ష్యాన్నే బలహీనపరుస్తాయి. బిడ్డ వాడిన మాటలను వాడినట్లే, తేదీ, సమయంతో సహా ఆరోజే రాసిపెట్టుకోవాలి. నిందితుడిని పిలిచి ఎదురుగా నిలబెట్టి నిజం తేల్చాలని చూడడం అన్నింటికంటే ప్రమాదకరం. దానివల్ల అతడు సాక్ష్యాలను చెరిపివేయడానికి, కుటుంబాన్ని బెదిరించడానికి వ్యవధి దొరుకుతుంది.

తల్లిదండ్రులకు తెలియజేయాలి, కాని ఫిర్యాదుకు వారి అంగీకారం తప్పనిసరి కాదు. కొన్ని సందర్భాల్లో నిందితుడు ఇంటివాడే కావచ్చన్నది కూడా గుర్తుంచుకోవాలి. కాపరికి చెప్పాను గనుక తన బాధ్యత తీరిందని టీచరు భావించడానికి వీల్లేదు. చట్టం ప్రకారం సమాచారం చేరవలసింది పోలీసులకు. రుజువులు సేకరించే భారం ఆమెపై లేదు. సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవారిపై సివిల్ గాని క్రిమినల్ గాని ఎటువంటి చర్యా తీసుకోరాదని 19వ సెక్షన్ రక్షణ కల్పిస్తున్నది. కక్షతో అబద్ధపు ఫిర్యాదు చేసిన పెద్దలకు 22వ సెక్షన్ కింద శిక్ష ఉన్నమాట నిజమే. కాని నమ్మి చెప్పినది తరువాత రుజువు కాకపోవడం వేరు, కావాలని అబద్ధం చెప్పడం వేరు.

ఫిర్యాదు అనగానే పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాలన్న భయం తల్లిదండ్రుల్లో సహజం. ఆ భయాన్ని తగ్గించే ఏర్పాట్లు చట్టంలోనే ఉన్నాయి. బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటివద్ద గాని బిడ్డ కోరిన చోట గాని, వీలైనంతవరకు సబ్ ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా నమోదు చేయాలి. తల్లిదండ్రులు గాని బిడ్డ నమ్మిన మరొకరు గాని పక్కన ఉండాలి. రాత్రివేళ బిడ్డను స్టేషన్‌లో ఉంచరాదు. బాలికకు వైద్యపరీక్ష మహిళా వైద్యురాలే చేయాలి. 24 గంటల్లోగా పోలీసులు బాలల సంక్షేమ సమితికి, ప్రత్యేక న్యాయస్థానానికి సమాచారమివ్వాలి. విచారణ ఇతరులకు ప్రవేశం లేకుండా జరుగుతుంది. బిడ్డ నిందితుడి ముఖం చూడవలసిన అవసరం రాకుండా ఏర్పాట్లు చేస్తారు. 2020 నిబంధనల ప్రకారం కేసు పొడవునా కుటుంబానికి తోడుగా ఒక సహాయకుని నియమించే వీలు, మధ్యంతర పరిహారం ఇప్పించే వీలు ఉన్నాయి. ఇటువంటి బాధితులకు పోలీసు, వైద్య, న్యాయ, మానసిక సహాయాన్ని ఒకేచోట అందించే భరోసా కేంద్రం 2016లో హైదరాబాద్‌లో ప్రారంభమైంది. బిడ్డ పేరు, ఫొటో, ఊరు, బడి వంటి గుర్తింపు వివరాలను మీడియాలో వెల్లడించడం 23వ సెక్షన్ కింద నేరం. ప్రార్థనా విన్నపం పేరిట వాట్సాప్ బృందాల్లో బాధిత కుటుంబం వివరాలు పంచుకునేవారు ఈ నియమాన్ని గుర్తుంచుకోవడం మంచిది.

ముందుజాగ్రత్తలు

పిల్లలతో మెలిగే సంస్థలన్నీ తమ సిబ్బందికి, శాశ్వత, కాంట్రాక్టు భేదం లేకుండా, పోలీసుల ద్వారా పూర్వాపరాల విచారణ చేయించాలని 2020 పోక్సో నిబంధనలు చెబుతున్నాయి. సండే స్కూలులో బోధించేవారిలో చాలామంది జీతం లేని స్వచ్ఛంద సేవకులు. వారికి కూడా ఇదే పద్ధతిని పాటించడం వివేకం. అయితే పోలీసు రికార్డులో పేరు లేదన్నంత మాత్రాన సరిపోదు. ఎన్నడూ ఫిర్యాదు రానివారి పేరు ఏ రికార్డులోనూ ఉండదు. కొత్తగా వచ్చిన వ్యక్తి అంతకుముందు సేవ చేసిన సంఘానికి ఫోన్ చేసి, ‘మీ పిల్లలను ఆయనకు మళ్లీ అప్పగిస్తారా?’ అని అడిగితే, వచ్చే సమాధానం కంటే దానికి ముందు వచ్చే మౌనం ఒక్కోసారి ఎక్కువ విషయం చెబుతుంది.

మిగతా జాగ్రత్తలు ఖర్చుతో కూడినవి కావు. పిల్లల వద్ద ఎప్పుడూ ఒకరికొకరు బంధువులు కాని ఇద్దరు పెద్దలు ఉండడం వాటిలో మొదటిది. ఒంటరిగా సంగీతం నేర్పడం, ఒంటరిగా ప్రార్థన చేయించడం, బైకు మీద ఒక్క పిల్లవాడినే ఇంటికి దింపడం మానుకోవాలి. తరగతి జరిగే గది తలుపు తెరిచి ఉంచాలి. కేరల్స్‌కు, జాగరణ ప్రార్థనలకు, శిబిరాలకు వెళ్లేటప్పుడు ఎవరు ఎవరితో వెళుతున్నారు, ఎక్కడ పడుకుంటారు అన్నది తల్లిదండ్రులకు ముందే తెలియాలి. పిల్లలకు పెద్దలు వ్యక్తిగతంగా అర్ధరాత్రి సందేశాలు పంపే అలవాటు ఎంత ఆత్మీయంగా కనిపించినా దానిని ఆపించాలి. ఈ నియమాలు కాపరికి, ఆయన కుటుంబ సభ్యులకు, విదేశీ అతిథులకు సమానంగా వర్తించాలి. ఆచరణలో కష్టమైన భాగం ఇదే. ‘పాస్టరుగారిని కూడా అనుమానిస్తారా?’ అన్న ప్రశ్న ఎదురైనప్పుడు, నియమం అందరికీ ఒక్కటేనని మొదట కాపరే చెబితే మిగిలినవారు అభ్యంతరపెట్టరు. పైగా, నిర్దోషి అయిన ఉపాధ్యాయునికి కూడా ఈ నియమాలే రక్షణ.

అనాథ, నిరాశ్రయ బాలలకు వసతి కల్పించే గృహాలు బాలల న్యాయ చట్టం, 2015లోని 41వ సెక్షన్ కింద నమోదు కావాలి. ప్రభుత్వ నిధులు తీసుకోవడం లేదు, విరాళాలతోనే నడుస్తున్నది అన్న కారణం చెల్లదు. నమోదు లేకుండా నడిపేవారికి ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయలకు తగ్గని జరిమానా, లేదా రెండూ ఉంటాయి. నమోదైన గృహం అధికారుల తనిఖీకి లోబడుతుంది, బాలల సంక్షేమ సమితి ఆదేశంతోనే పిల్లలను చేర్చుకుంటుంది. తల్లిదండ్రులున్న పిల్లలు చదువు కోసం ఉండే హాస్టళ్లకు కూడా పోక్సో నిబంధనలన్నీ వర్తిస్తాయి. ఫిర్యాదుల పెట్టె చాలాచోట్ల కనిపిస్తుంది. అయితే దానిని వార్డెన్ గది ముందు పెట్టి, తాళం వార్డెన్ వద్దే ఉంచితే అందులో ఏ పిల్లవాడూ చీటీ వేయడు. ఇంటికి ఫోన్ చేసుకునే అవకాశం, ఆ సమయంలో పక్కన ఎవరూ నిలబడకుండా ఉండడం ఆ పెట్టెకంటే మేలు.

పిల్లలకు సంబంధించిన ఏ ఆపదలోనైనా 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కు, అత్యవసరమైతే 112కు రాత్రింబవళ్లు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. పోలీస్ స్టేషన్‌లో ఇచ్చిన సమాచారాన్ని లిఖితపూర్వకంగా నమోదు చేసి, నమోదు సంఖ్య కేటాయించి, ఇచ్చినవారికి చదివి వినిపించాలని 19వ సెక్షన్ నిర్దేశిస్తున్నది. సమాచారం ఇచ్చినవారు ఆ సంఖ్యను అడిగి రాసుకోవాలి. సందేహాలున్నవారు తమ జిల్లాలోని బాలల పరిరక్షణ విభాగాన్ని గాని బాలల సంక్షేమ సమితిని గాని నేరుగా సంప్రదించవచ్చు. న్యాయవాదిని పెట్టుకోలేని కుటుంబాలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఏర్పాటు చేస్తుంది.